మాత్రలతో కనురెప్పలు లేచినా తొడల్లో బలం రాకపోవడం గురించి

డోన్‌లో ఉన్న మీ నాన్నగారు 72 ఏళ్ల వయసులో మయస్తీనియా (నరాల సంకేతం కండరాలకు సరిగా అందక బలహీనత వచ్చే జబ్బు) మాత్రలు వాడుతున్నా నోరు ఎండిపోతోందని, చేతులు ఊనకుండా అరుగు మీది నుంచి లేవలేకపోతున్నారని రాశారు కనుక, మయస్తీనియాను పోలిన మరో జబ్బు లాంబర్ట్-ఈటన్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. (ఆ మాత్రలకు నోరు ఊరాలి గాని ఎండదు.)

1. ఎక్కువగా వదిలేసే పరీక్ష ఇదే. నరాన్ని సెకనుకు 3 సార్లు ప్రేరేపించినప్పుడు కండర స్పందన తగ్గడం రెండు జబ్బుల్లోనూ కనిపిస్తుంది కనుక, అంతటితో ఆపకుండా, చిటికెన వేలిని 10 సెకన్లు బలమంతా పెట్టి పక్కకు చాపించి, వెంటనే మళ్లీ కొలవమని కర్నూలు పెద్దాసుపత్రి నరాల విభాగంలో అడగండి. స్పందన 60 శాతానికి మించి పెరిగితే లాంబర్ట్-ఈటన్ వైపే మొగ్గాలి.

2. లాంబర్ట్-ఈటన్‌లో కనిపించే కాల్షియం చానల్ యాంటీబాడీల రక్తపరీక్షతోపాటు, కండరాల వాపు కూడా కలిసిందేమో తెలియడానికి సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) పరీక్ష చేయించండి.

3. లాంబర్ట్-ఈటన్ వెనక ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండవచ్చు; బీడీలు తాగేవారన్నారు కనుక ఛాతీ సీటీ స్కాన్ వాయిదా వేయకండి.

మింగడం గాని, ఊపిరి గాని కష్టమైతే ఇవేవీ చూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.