పది శాతమా, రూపాయిన్నరా?

(ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారి జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. వడ్డీ లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరే. మొన్న మావారు 12,000 రూపాయల ఫోను వాయిదాల మీద తెచ్చారు. నెలకు 1,100 చొప్పున 12 నెలలు కట్టాలి. ‘మొత్తం 13,200. వడ్డీ పది శాతమే, రూపాయి వడ్డీ కన్నా తక్కువే కదమ్మా’ అన్నాడు మావాడు. లెక్క సరిగ్గానే కనిపిస్తోంది, నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ అనుమానం నిజమేనమ్మా. తప్పు అబ్బాయిది కాదు, మేం చెప్పిన పాఠానిది. బడిలో చెప్పే బారువడ్డీ లెక్కలో అప్పు తీసుకున్నవాడు అసలంతా ఏడాది పొడవునా తన దగ్గరే ఉంచుకుని, చివరి రోజున వడ్డీతో సహా తెచ్చి ఇస్తాడు. మీవారు అలా కాదు కదా, నెల తిరగగానే కట్టడం మొదలుపెడతారు.

అబ్బాయిని ఒక తెల్లకాగితం తీసుకోమనండి. నెలనెలా వెయ్యి అసలు కింద, వంద వడ్డీ కింద పోతున్నాయనుకుందాం. మొదటి నెల మీ మీద ఉన్న అప్పు 12,000. రెండో నెల 11,000. అలా ఒక్కో మెట్టు దిగుతూ పోతే పన్నెండో నెలకు మిగిలేది వెయ్యి. ఆ వెయ్యికి కూడా వడ్డీ వందే! వాడిని అక్కడ ఒక్క క్షణం ఆపండి. తర్వాత ఆ పన్నెండు అంకెలూ కూడించండి. 78,000 వస్తుంది. అంటే మీరు 78 వేలు తెచ్చి ఒక్క నెల వాడుకున్నట్టు. దానికి ఇచ్చిన వడ్డీ 1,200. నూటికి రూపాయిన్నర దాటింది. ఏడాదికి 18 శాతం పైమాటే.

‘రూపాయిన్నర వడ్డీ’ అన్న మాట మీరు వీధిలో వినే ఉంటారు, వాడు బడిలో విని ఉండడు. చిక్కంతా అక్కడే. మన ప్రామిసరీ నోట్లలో వడ్డీని నూటికి నెలకు ఇంత అని రాసుకుంటాం. పాఠ్యపుస్తకంలో ఏడాదికి ఇంత శాతం అంటారు. రెండింటికీ మధ్య ఉన్నది పన్నెండో ఎక్కమే. అది నేనూ ఒకసారి మరిచాను. గంట కొట్టబోతుండగా వెనక బెంచీలో అమ్మాయి లేచి, ‘సార్, మా నాన్న ఎరువుల కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు, అంటే రెండు శాతమేనా?’ అని అడిగింది. తొందరలో ‘ఔను, కూర్చో’ అన్నాను. సైకిలెక్కి సగం దూరం వచ్చాక తట్టింది, అది 24 శాతమని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు తప్పు ఒప్పుకుని ఆ పిల్లనే బోర్డు దగ్గరికి పిలిచాను. 10,000 అప్పు, ఏటేటా చక్రవడ్డీ. మొదటి ఏడు 12,400. రెండో ఏడు 15,376. మూడో ఏడు 19,066. సుద్దముక్క కింద పెట్టి, ‘ఇంచుమించు రెట్టింపు సార్’ అంది మెల్లగా.

ఫోను వెనక్కి ఇవ్వమనడం లేదు. ఇకమీదట ఇంట్లో వడ్డీ ప్రస్తావన వస్తే మాత్రం రూపాయల్లోనూ శాతంలోనూ రెండు రకాలుగా చెప్పించండి. వడ్డీ లేని వాయిదాలని ఎవరైనా ఊరిస్తే, ‘రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?’ అని అడిగే పని కూడా వాడికే అప్పగించండి.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. డబ్బు ఫోన్లోంచి వస్తుందనుకుంటోంది. బ్యాంకు ఖాతా తెరిస్తే పొదుపు అలవాటవుతుందా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: సుకన్య సమృద్ధి ఖాతా తెరిచే ఆలోచన ఉంటే ఆలస్యం చేయకండి, పదేళ్లు నిండాక తెరవనివ్వరు. ఏడాదికి కనీసం 250 రూపాయలు వేయాలి. అయితే అది పాప భవిష్యత్తు కోసం మీరు దాచేది, చేతికి ఇప్పట్లో అందదు. చిన్నపిల్లకు కనిపించని డబ్బుతో పాఠం చెప్పలేం.

ఆదివారం రెండు వందల నోటిచ్చి రైతుబజారుకు తీసుకెళ్లండి. ఫోను జేబులోంచి తీయకండి. ఒక కొట్టులో టమాటా కిలో 50, పావుకిలో 15 అంటారనుకోండి. పావు నాలుగుసార్లు కొంటే 60 అవుతుందని పాప తేల్చేస్తుంది, కిలో తీసుకుందాం అంటుంది. తీసుకోనివ్వండి. బుధవారానికి అందులో నాలుగు మెత్తబడి పారేస్తారు చూడండి, అప్పుడు మళ్లీ లెక్క వేయించండి. చవక అనే మాటకు అర్థం నేను బోర్డు మీద ఎన్నేళ్లు చెప్పినా అంత బాగా ఎక్కించలేకపోయాను.

ప్రశ్న: తొంభై దాటిన ప్రతి మార్కుకూ పది రూపాయలు ఇమ్మంటున్నాడు మా వాడు. ఇవ్వవచ్చా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: తొంభైకి తగ్గిన ప్రతి మార్కుకూ పది రూపాయలు తను ఇస్తాడేమో అడగండి. ఒప్పుకుంటే నోటు రాయించుకోండి. మైనరు సంతకం చెల్లదనుకోండి, ఆ మాట ఇప్పుడే చెప్పకండి.