ఆది జాకెట్ మార్చు బిడ్డా

బిడ్డా,

ఫోన్ల నువ్వడిగిన ముచ్చట ఫోన్ల తేలేది కాదు. అందుకే తాపీగ కూసొని రాస్తున్న. వచ్చే ఏడు నలభై పడుతయి, బీరువ నిండ చీరలున్నయి, పొద్దుగాల బడికి తయారయ్యేటప్పుడు కట్టుకుందామంటే ఒక్కటి మనసుకు రాదు అన్నవ్. రంగులు తగ్గించుకోవాల్నా, చీరలు పక్కకు పెట్టి డ్రెస్సులకు మళ్లాల్నా అని అడిగినవ్. ఇన్నేండ్లు నల్లగొండల జాకెట్లు కుట్టినదాన్ని, నీ ఈడు ఆడోళ్లు ఎందరివో కొలతలు తీసినదాన్ని. నేను చూసిన కాడికి ఈ ఇబ్బంది చీర తాన మొదలు కాదు, జాకెట్ తాన మొదలైతది.

నువ్వు టైలర్ తానికి పోయినప్పుడల్లా ఒక ఆది జాకెట్ ఇచ్చి వస్తవ్ గద. అది ఎప్పటిది? నీ పెండ్లప్పుడు నేను కుట్టిన దాన్ని చూసి ఒకటి కుట్టించినవ్, దాన్ని చూసి ఇంకొకటి. నడుమ ఇద్దరు పిల్లలు పుట్టిండ్రు. కొత్త గుడ్డ మీద పాత ఒళ్లు కుట్టించుకుంటున్నవ్ బిడ్డా. అందుకే చంకల కాడ కోస్తది, ఎదురుంగ హుక్కుల నడుమ నోరు తెరుస్తది, సాయంత్రానికి భుజాలు గుంజుతయి. అప్పుడు తప్పు చీరది అనుకుంటవ్, లేకుంటే నీ ఒంటిది అనుకుంటవ్. రెండిటిదీ కాదు.

నలభై దగ్గరికొచ్చే సరికి తూకం అంతే ఉన్నా కొలత మారుతది. ఇదివరకు తొడల మీద చేరే కొవ్వు పొట్ట దిక్కు, నడుము దిక్కు చేరుతది. నెలసరి ఆగే కాలం దగ్గరపడే కొద్దీ ఆడోళ్ల ఒంట్ల హార్మోన్లు తగ్గుతయి, దానితోని ఇది వస్తది. దండచెయ్యి లావైతది, రొమ్ము జారుతది. ఇందుల సిగ్గుపడేది ఏమీ లేదు. టేపు తీసుకొని మళ్ల కొలుచుకోవాలె, గంతే.

ముందుగాల లోపల వేసుకునేది మార్చు. సాగిపోయిన బ్రా మీద కొలత తీసుకుంటే ఆ జాకెట్ ఎంత మంచి టైలర్ కుట్టినా కుదరదు. కొత్తది వేసుకొని అద్దంల పక్కకు తిరిగి చూస్కో, ఎన్క పట్టీ పైకి ఎక్కొద్దు, తిన్నగ అడ్డంగ ఉండాలె. ఆ తర్వాతనే టేపు పట్టించు. ఛాతీ, నడుము అందరూ కొలుస్తరు. నువ్వు అడిగి కొలిపించుకోవాల్సినవి రెండున్నయి. ఒకటి, భుజం మీదికెళ్లి డాట్ పాయింట్ దాక, అంటే రొమ్ము మొన కాడ జాకెట్ మడత కుట్లు ఆగే జాగ దాక పొడుగు. వయసు తోటి ఇది కిందికి దిగుతది, పాత కొలత పెడితే డాట్ మీద ఉంటది, రొమ్ము కింద ఉంటది, నడుమ గుడ్డ ముడతలు పడుతది. రెండోది దండచెయ్యి చుట్టుకొలత. చేతి అంచు కాడ లూజు ఇచ్చి దండ కాడ బిగిస్తే లాభం లేదు.

కుట్టినంక వేసుకొని, బోర్డు మీద రాసినట్టు కుడిచెయ్యి పూర్తిగ పైకి లేపు. జాకెట్ అంచు పొట్ట మీదికెళ్లి లేవొద్దు. లేచిందంటే చంక కటింగ్ కిందికి ఉన్నట్టు. చంక కిందికి ఇస్తే చెయ్యి హాయిగ ఆడుతది అని మస్తు మంది అనుకుంటరు, అది తప్పు. చంక ఒంటికి దగ్గరగ ఉండి, చేతి గుడ్డ వెడల్పుగ ఉంటేనే చెయ్యి లేస్తది. రోజంత బోర్డు మీద రాసేదానివి, నీకు ఇది అన్నిటికంటే ముఖ్యం.

హుక్కులు ముందుకే పెట్టించు. నలభై నుంచి అరవై నడుమ భుజం పట్టేసి చెయ్యి ఎన్కకు పోని జబ్బు మస్తు మందికి వస్తది, షుగర్ ఉన్నోళ్లకు ఇంకా ఎక్కువ. మీ అమ్మకు షుగర్ ఉన్నది, గుర్తు పెట్టుకో. ఎన్క మెడ లోతు పెట్టించుకోవాలని ఉంటే పెట్టించుకో, నలభై అయితే వీపు దాచుకోవాలని ఎక్కడా రాసి లేదు. కాకపోతే లోతు మెడకు పైన డోరీ కట్టించు, లేకుంటే భుజాలు జారుతయి, క్లాసుల సర్దుకుంట నిలబడాల్సొస్తది. రెండు పక్కల కుట్టు లోపల ఒక ఇంచు గుడ్డ ఒదలమని గట్టిగ చెప్పు. ఇప్పటి బొటిక్‌లల్ల కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టి ఇస్తున్నరు, రేపు ఇప్పుకుందామంటే గుడ్డ ఉండది.

లైనింగ్ మాట. చీర ఎంత మంచి నూలుదైనా లోపల పాలిస్టర్ లైనింగ్ పడ్డదంటే ఆ నూలు వట్టిదే. నూలు లైనింగ్ తీస్కో, తడిపి ఆరబెట్టినంకనే కుట్టనియ్యి. తడపకుండ కుడితే మొదటి ఉతుకుల లైనింగ్ ముడుచుకపోయి, పైగుడ్డ బుడగలు బుడగలుగ లేస్తది.

ఇగ లంగ నాడ. ఇది జర మనసు పెట్టి చదువు. చీర జారొద్దని నడుముకు నాడ బిగించి బిగించి కడుతం, ఇడిసినప్పుడు నల్లటి చార కనపడుతది, అందరికీ ఉన్నదే గద అని ఊకుంటం. 2024ల బ్రిటన్ వైద్య పత్రిక ఒకదాంట్ల మన దేశం డాక్టర్లు రాసిండ్రు, ఏండ్ల తరబడి ఒక్క కాడనే నాడ ఒరుసుకొని, పుండయి మానక, అది చర్మం క్యాన్సర్ దాక పోయిన ఇద్దరు పెద్దామెల సంగతి. అందరికీ అట్ల అయితదని కాదు, అట్ల అయ్యేది అరుదే. కానీ నడుము కాడ మానని పుండు, పొలుసులు రాలే మచ్చ ఉంటే పౌడర్ చల్లి ఊకోకు, డాక్టర్‌కు చూపెట్టు. సన్న నాడ తీసేసి లంగకు రెండు మూడు వేళ్ల వెడల్పు పట్టీ కుట్టించుకో, ఎలాస్టిక్ అయినా మంచిదే. కుచ్చుల కాడ ఒక పిన్ను పెడితే నాడ అంత బిగించే పని లేదు. ఇంటికి రాంగనే ముందు అదే ఇడువు.

చీరల ముచ్చటకొస్త. నువ్వున్న పాలమూరుల ఎండలు నీకు చెప్పేదేముంది. దానికి తోడు ఇంకో నాలుగైదేండ్లకు నీకు ఒంట్లకెళ్లి సెగలు లేచుడు మొదలు కావచ్చు. ఉన్నట్టుండి ముఖం, మెడ కాలినట్టయి చెమటలు పడుతయి, కొన్ని నిమిషాలకు తగ్గుతది. అప్పుడు ఒంటి మీద జార్జెట్ ఉన్నదో నూలు ఉన్నదో నీకే తెలుస్తది. అందుకే ఇప్పటిసంది కొనేటివి నూలువే కొను. నారాయణపేట నీకు ఒక్క బస్సు దూరం. అక్కడి నూలు చీరలు, సన్న గళ్లవి, ముదురు అంచువి, బడికి అంతకంటే మంచివి నాకు తెల్వదు. బరువుండయి, కుచ్చులు మాట వింటయి, ఉతికే కొద్దీ మెత్తగైతయి. మొదటిసారి ఉప్పునీళ్లల్ల నానబెట్టు, నీడకు ఆరెయ్యి. గంజి పల్చగ పెట్టు. గంజి ఎక్కువైతే చీర ఒంటికి దూరంగ నిలబడుతది, నడుము ఉన్నదానికంటే లావు కనపడుతది. లావైన అని నువ్వు చెప్పుకునేదాంట్ల సగం గంజిదే కావచ్చు.

గద్వాల చీర పెండ్లిళ్లకు. దాని ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. నిండుగ కనపడుతది, ఒంటికి చల్లగ ఉంటది, పట్టుచీర కట్టి చెమటల తడిసే బాధ సగం తప్పుతది. నూలు, పట్టు రెండూ నీళ్లల్ల ఒక్కతీరుగ ఉండయి కాబట్టి బకెట్ల నానెయ్యకు, డ్రై క్లీనింగ్‌కు ఇయ్యి.

పోచంపల్లివి నీ తాన మూడున్నయి, నాకు తెలుసు, మడత ఇప్పకుండ ఉన్నయి. అవి దాచిపెట్టడానికి నేసినవి కావు. మన పాత నల్లగొండ జిల్లల నేసేటోళ్ల ఇండ్లల్ల ఆసు పోసుడు, అంటే నేసే ముందు నూలును మేకుల చుట్టు చేత్తోని పోసుడు, ఎన్కట ఆడోళ్ల పని. ఒక్క చీరకు నూలు పొయ్యాలంటే చెయ్యి సుమారు 9,000 సార్లు అటు ఇటు తిరగాలె. ఆలేరు దిక్కు శారాజీపేటల చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజాల నొప్పి చూసి 1999ల ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. అంత మంది చేతుల మీదికెళ్లి వచ్చిన చీర బీరువల ఉండి మడత కాడ పగులుతుంటే నాకు పానం ఒప్పది. పట్టువైతే మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చు, జరీకి కలరా ఉండలు తాకనియ్యకు. అన్నిటికంటే మంచి పని కట్టుకునుడు.

కొత్తది కొనేటప్పుడు తిరగేసి చూడు. అసలు చిటికి పనిల నేసే ముందే నూలును ముడులు కట్టి రంగుల ముంచుతరు, నూలుకే రంగు ఎక్కుతది, అందుకే రెండు దిక్కులా బొమ్మ ఒక్కతీరుగ ఉంటది, బొమ్మ అంచులు పలచగ పరుచుకున్నట్టు ఉంటయి. ఎన్క దిక్కు వెలిసినట్టుంటే అది ప్రింటు. చేతుల డబ్బులున్నప్పుడు పుట్టపాక తేలియా చీర ఒక్కటి కొనుక్కో. నూలును నూనెల, ఆముదం కాయల బూడిదల నానబెట్టి చేస్తరు, ఎరుపు, నలుపు, తెలుపు. 2020ల దానికి భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది. నెరిసిన వెంట్రుకలకు ఆ మూడు రంగులు ఎంత అందమో చెప్పలేను.

రంగులు తగ్గించుకోవాల్నా అన్న మాటకు నాకు నిజంగ బాధ అయింది. ఎవరన్నరు నీతోని? స్టాఫ్‌రూంలనా, ఇంట్లనా? పొలాలల్ల నాట్లేసే ముసలోళ్లను చూడు. డెబ్బై ఏండ్లామె చిలకపచ్చ కడుతది, మిరపపండు ఎరుపు కడుతది, ఆమెను ఎవరూ ఏమనరు. నౌకరి చేసే ఆడోళ్లమే నలభై రాంగనే బూడిద రంగు, బిస్కెట్ రంగు అనుకుంట దుకాణంల మెల్లగ ముసలోళ్లమైపోతున్నం. వయసుకు తగ్గ రంగు అని ఒకటి లేదు బిడ్డా. ముఖానికి తగ్గ రంగు ఉంటది. దుకాణంల ట్యూబులైట్ కింద చూడకు, చీర పట్టుకొని వాకిట్లకు రా, కొంగు గదవ కింద పెట్టుకొని ఎవరన్నా చూడమను. ముఖం వెలిగితే నీ రంగు, కండ్ల కింద నలుపు ఎక్కువ కనపడితే కాదు. నీకు చిన్నప్పటిసంది ముదురు నీలం, పసుపుకొమ్ము రంగు బాగుంటయి. ఇప్పుడూ బాగుంటయి.

డ్రెస్సులకు మళ్లాల్నా అన్నవ్. మళ్లు, బడిల ఒప్పుకుంటే. బస్సెక్కి దిగేదానికి డ్రెస్ సుఖమే. కాకపోతే కుర్తీ పొడుగు మోకాలు దాటనియ్యి, రెండు పక్కల చీలిక తుంటి పైకి పోవొద్దు, బిగుతు లెగ్గిన్స్ బదులు నూలు ప్యాంటు కుట్టించుకో. చీర మీద కోపంతోని మాత్రం మళ్లకు, కుదరని జాకెట్ మీది కోపం చీర మీద తీసినట్టయితది.

ఇంట్ల నైటీ, మీద తువ్వాల. దాని మీద నాకు కోపం లేదు, ఎండల హాయి. కానీ ఆదివారం పొద్దంత, మళ్ల సోమవారం పొద్దుగాల దాక అందులనే ఉంటే నీ ముఖం నీకే పాతగ అనిపిస్తది. స్నానం చేసినంక ఒక మెత్తటి నూలు చీరనో, కుర్తీనో వేసుకో. చుట్టాల కోసం కాదు, నీ కోసమే.

చెప్పులు సాయంత్రం కొను, పొద్దంత నిలబడ్డ కాళ్లు అప్పుడు ఉబ్బి ఉంటయి. వయసు తోటి పాదం వెడల్పయితది, పాత నంబరు అడగకు, కొలిపించుకో. పల్చటి అడుగువి బడికి వద్దు, మడిమెల నొప్పి మొదలైతే నెలలు పడుతది. వెంట్రుకలకు రంగు వేస్తవో వెయ్యవో నీ ఇష్టం. వేస్తే మాత్రం రెండు రోజుల ముందు చెవి ఎన్క చిటికెడు రాసి చూడు, దద్దురు వస్తే ఆ డబ్బా పారెయ్యి.

బీరువ ఒక్కరోజుల సర్దకు, అలిసిపోయి అన్నీ మళ్ల లోపల కుక్కుతవ్. ముందుగాల జాకెట్లు ఒక్కటే తీయి. ఒక్కొక్కటి వేసి చెయ్యి లేపు. పట్టనివి మూడు కుప్పలు చెయ్యి: లోపల గుడ్డ ఉండి ఇప్పేటివి, చంక కింద ముక్క వేసి బాగు చేసేటివి, ఇంక కానివి. సన్నబడ్డంక వేసుకుంట అని నాలుగో కుప్ప పెట్టకు. సన్నబడితే కుట్లు లోపలికి వేసుకునుడు పది నిమిషాల పని. జరీ పగిలిన పెండ్లి పట్టుచీర చిన్నదానికి లంగా ఓణీ కుట్టిస్త, అది నాకు ఇచ్చెయ్యి.

బతుకమ్మ పండుగ దగ్గరపడితే మా టైలర్ల తాన నిలబడే జాగ ఉండది. అందుకే ఇప్పుడే ఒక ఆదివారం రా. గద్వాల చీర జాకెట్ ముక్క, ఒక మీటరు నూలు లైనింగ్ తెచ్చుకో, తడిపి ఆరబెట్టి తే. కొత్త బ్రా వేసుకొని రా. కొలతలు నేనే తీస్త, ఒక్కటి కుట్టి ఇస్త. మహబూబ్‌నగర్‌ల నీ టైలర్‌కు ఇగ అదే ఆది జాకెట్. పాతది నా తాన ఇడిసిపో.

మీ పెద్దమ్మ
నల్లగొండ