జులై వచ్చిందంటే అమ్మకు నిద్ర ఉండదు, గుండె బరువంటది.. అన్న ఫొటో తీసెయ్యాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా అన్న 1999లో కార్గిల్‌ల చనిపోయిండు. అమ్మకు 71 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నయి. ఏటా జులైల నిద్రపోదు, ఛాతీ బరువుగా ఉందంటది, ఫొటోతోని మాట్లాడతది. అప్పుడు అన్న శవం వచ్చిన పెట్టె తెరవనియ్యలే, లోపల ఉన్నది వాడేనా అని అడుగుతది. మిగతా నెలలు మంచిగనే ఉంటది. ఈసారి మాత్రం ఎక్కువైంది. మెడికల్ షాపుల ఆల్ప్రాజోలం అనే నిద్ర గోలీ తెచ్చి రోజూ వేస్తున్నం. మా బాబు ఆర్మీ సెలక్షన్ కోసం పొద్దున్నే స్టేడియంల రన్నింగ్‌కు పోతున్నడు, మేం ఆ హడావుడిల ఉన్నం. ఫొటో తీసేస్తే తగ్గుతదా?

డాక్టర్ సలహా: ఫొటో సంగతి తర్వాత, ముందు ఆ ఛాతీ బరువు చూడాలె. కొడుకు యాదికొచ్చి అంటుంది లే అని మీరు ఊకుంటున్నట్టు ఉంది, నాకు అక్కడే భయం. షుగర్ ఉన్నోళ్లకు గుండెపోటు వచ్చినా ఒక్కోసారి నొప్పి సరిగ తెల్వదు, ఆయాసం, చెమటలు, వాంతి వచ్చినట్టు ఉండుడు, అంతే. అదీగాక బాగా దుఃఖపడ్డప్పుడు గుండె కండరమే కొన్నాళ్లు బలహీనపడే జబ్బు ఒకటుంది, టాకోట్సుబో అంటరు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లల్లనే ఎక్కువ, ఈసీజీల అచ్చం గుండెపోటు లెక్కనే కనిపిస్తది. కాబట్టి ఈ వారమే ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) తీయించండి, బరువుతోపాటు చెమటలు పడితే మాత్రం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఆల్ప్రాజోలం మీ అంతట మీరు వెయ్యొద్దు. ఈ వయసుల రాత్రి బాత్రూంకు లేచి తూలి పడితే తుంటి ఎముక విరుగుతది, మతిమరుపు, తికమక కూడా పెరుగుతయి. అట్లని రోజూ వేస్తున్నది ఒక్కసారే బంద్ పెట్టినా కష్టమే, డాక్టర్‌ను అడిగి మెల్లమెల్లగ తగ్గించాలె.

ఇగ మనసు సంగతి. ఆమెకు పిచ్చేం లేదు. పోయినోళ్ల ముఖం చూడకపోతే మనసు ఒప్పుకోదు, ఆ పెట్టె ప్రశ్న అందుకే వస్తుంది. మీరు ఊకో అమ్మా అనకుండా, ఆ రోజు ఏం జరిగింది, ఎవరెవరొచ్చిన్రు, యూనిట్ వాళ్లు ఏం చెప్పిన్రు అని కూర్చొని ఆమెతోనే చెప్పించండి. దుఃఖం నెలలకొద్దీ రోజూ పీడిస్తూ తిండి, పని, మనుషులు అన్నీ వదిలేసేట్టు చేస్తే దాన్ని డబ్ల్యూహెచ్‌ఓ కూడా జబ్బుల లిస్టుల పెట్టింది, 2022 నుంచి ఆ లిస్టు అమల్ల ఉంది. మీ అమ్మ మిగతా నెలలు మంచిగ ఉంటుంది కాబట్టి ఇది అది కాకపోవచ్చు. జులై 26, కార్గిల్ విజయ్ దివస్ దగ్గరపడుతుంటే టీవీల అవే బొమ్మలు, అవే పాటలు, ఒంటికి ఆ తారీఖు ముందే తెలుస్తది.

అయితే ఈసారే ఎందుకు ఎక్కువైంది? జవాబు మీ ఉత్తరంలనే ఉందేమో, ఆఖర్న హడావుడిల రాసేసిన్రు. మనవడు తెల్లారకముందే బూట్లు వేసుకొని పోతుంటే ఆమె ఏం చూస్తుందో ఒక్కసారి ఆలోచించండి. వద్దనే హక్కు తనకు లేదనుకొని, వద్దనలేక, లోపల్లోపల కుములుతుందేమో. బాబును పోవద్దనమని నేను చెప్పను, అది మీ ఇంటి నిర్ణయం. కానీ ఆ మాట ఆమెను అడగాలె, అదీ బాబే అడిగితే మంచిది, నానమ్మా నీకు భయమైతుందా అని. ఆమె ఏడిస్తే ఏడ్వనీయండి.

ఫొటో తీయకండి. తీస్తే ఆమెకు ఇంకోసారి పోగొట్టుకున్నట్టయితది. పెత్రమాసకు (పెద్దల అమాస) మీ అన్న పేరు మీద బియ్యం ఇస్తున్నరో లేదో మీరు రాయలేదు, చిన్న వయసుల పోయినోళ్లకు కొన్ని ఇళ్లల్ల ఇయ్యరు, ఆమెకు ఇయ్యాలని ఉంటే అడ్డం చెప్పకండి. 2019ల ఢిల్లీల నేషనల్ వార్ మెమోరియల్ కట్టిన్రు, గోడల మీద అమరుల పేర్లు చెక్కిన్రు. ఆరోగ్యం బాగుంటే చలి తగ్గినంక తీసుకపోయి, మీ అన్న పేరు ఎక్కడుందో చూపించండి, చేత్తో తాకనీయండి.

జులై పోయినా నిద్ర, తిండి దారికి రాకపోతే, లేకపోతే బతుకెందుకు అన్న మాట ఒక్కసారి వచ్చినా సరే, వరంగల్ ఎంజీఎం దవాఖాన సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. రాత్రిపూటైతే మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి, ఫ్రీనే, తెలుగుల మాట్లాడతరు.