బోరు నీళ్లు తాగొచ్చా? టీడీఎస్ మీటరు ఒక్కటే చూసి తేల్చుకోకండి

చంద్రగిరి వైపు చిన్న లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నామని, వీధంతటికీ ఒకే బోరని, ఫిల్టర్లమ్మే అతను మీటరు పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు, ఖనిజాల మొత్తం) 900 చూపించిందని, ఇంట్లో పసిబిడ్డ ఉండటంతో టెన్షన్‌గా ఉందని మీరు రాశారు. మాదీ తిరుపతి పక్కన అలాంటి కాలనీయే, మాకూ బోరే దిక్కు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా ఆ 900 చూసి కంగారు పడకండి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం (ఐఎస్ 10500) ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మేలు. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకూ ఒప్పుకుంటారు. మన రాతినేలలో వందల అడుగుల లోతు నుంచి తోడే నీళ్లలో ఉప్పులు, సున్నం ఉండటం మామూలే. గిన్నెల అడుగున తెల్లపొర కట్టేదీ, సబ్బు నురగ రానిదీ అందువల్లే.

అతను రెండు కడ్డీలున్న పరికరం గ్లాసులో ముంచి, నీళ్లు గోధుమరంగుకు తిరగడం కూడా చూపించాడా? ఆ రంగు మీ నీళ్లలోది కాదు. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి వచ్చే తుప్పు అది. ఆర్వో (పొరలోంచి నీళ్లు నెట్టి ఉప్పులు తీసేసే ఫిల్టరు) నీళ్లలో ఉప్పులు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగు మారదు. అందులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, అవీ అలాగే తిరుగుతాయి.

అసలు భయపడాల్సినవి ఆ మీటరుకు కనబడవు: మురుగు క్రిములు, ఫ్లోరైడ్, నైట్రేట్. మా వీధిలో ఓ వానాకాలం వరసగా కొన్ని ఇళ్లలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. మీటరు మాత్రం ఎప్పటి అంకే చూపించింది. బోరు దగ్గరకెళ్లి చూస్తే కేసింగ్ (బోరులో దించిన గొట్టం) చుట్టూ ఉన్న సిమెంటు దిమ్మె బీటలువారి, పక్కన నిలిచిన మురికినీళ్లు ఆ సందులోంచి లోపలికి దిగుతున్నాయి. దిమ్మె కొత్తగా వేయించి, కేసింగ్‌ను నేలమట్టం కన్నా పైకి లేపి, ట్యాంకు కడిగి బ్లీచింగ్ చేయించాక గానీ అది ఆగలేదు. మీరూ ఇవాళే వెళ్లి మీ బోరు మొదలు చూడండి, సెప్టిక్ ట్యాంకు ఎంత దగ్గరలో ఉందో కూడా.

తర్వాత ల్యాబు టెస్టు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో అడగండి. క్రిముల టెస్టుకు వాళ్లిచ్చే శుభ్రమైన సీసాలోనే నీళ్లు పట్టండి, సీసా కడగొద్దు, మూత లోపలివైపు ముట్టొద్దు, ఆ రోజే అందించండి. రిపోర్టులో మూడు చూడండి. మలం కలిసిందని చెప్పే క్రిమి ఈ.కోలి 100 మిల్లీలీటర్లలో అసలు ఉండకూడదు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 1.5 దాటితే తాగొద్దు. క్రిములే ఉంటే కాచితే పోతాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ కాచినా పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. అవి ఎక్కువుంటేనే ఆర్వో కొనండి, ఎందుకంటే అది బిందెడు మంచినీళ్లిచ్చి అంతకన్నా ఎక్కువే బయటికి వదిలేస్తుంది. నీటికి కటకటలాడే మన జిల్లాలో అది చిన్న విషయం కాదు.

సంపు (నేలలో కట్టిన నీళ్ల తొట్టి) గురించి కూడా రాశారు కాబట్టి చెబుతున్నా. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో మూతకు తాళం తప్పనిసరి. కడిగేటప్పుడు మూత తీయగానే ఎవరినీ దింపొద్దు, లోపల గాలి ఆడక ప్రాణాలు పోతాయి. భారీ వానల తర్వాత సంపు పూర్తిగా ఖాళీ చేయొద్దు. 2021 నవంబరు వానలప్పుడు తిరుపతి ఎమ్మార్‌పల్లి దగ్గర శ్రీకృష్ణానగర్‌లో ఒకావిడ సంపు కడుగుతుంటే సిమెంటు రింగులు భూమిలోంచి పైకి లేచాయి. చుట్టూ నేల నీటితో ఉబ్బి ఉంటే ఖాళీ సంపు తేలుతుంది. మోటారు లైనుకు ఎర్తింగ్ సరిచూపించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి.

రిపోర్టు వచ్చేదాకా, బిడ్డకు పాలపొడి కలుపుతుంటే బోరు నీళ్లు వాడకండి. నైట్రేట్ ఎక్కువైతే పసికందుల రక్తం ఆక్సిజన్ మోయలేక పెదాలు నీలమవుతాయి. ఐఎస్ఐ గుర్తు, సీలు ఉన్న నీళ్లే తీసుకోండి, వీధి ప్లాంటులో నింపే క్యాన్లు వద్దు. రిపోర్టులోని అంకెలు ఇక్కడ పెడితే ఏం చేయాలో చూద్దాం.