ఉష్ణమండలంలో అడవులు తగలబడితే ఓజోన్ కాలుష్యం ఎందుకు పెరుగుతుంది? ఎల్‌నినోకు దీనితో ఏమిటి సంబంధం?

అడవి మంటల నుంచి వెలువడే వాయువులు ఎండలో రసాయన చర్యలకు లోనై ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఎల్‌నినో, అంటే భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు మామూలు కన్నా వేడెక్కే పరిస్థితి, ఆ అడవులను ఎండబెట్టి మంటలకు సిద్ధం చేస్తుంది.

మంటలోంచి ఓజోన్ నేరుగా రాదు. చెట్లు, గడ్డి కాలినప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, రకరకాల కర్బన వాయువులు వస్తాయి. వాటి మీద ఎండ పడాలి. ఉష్ణమండలంలో ఎండకు కొదవ లేదు కానీ, మంట దగ్గర దట్టమైన పొగ దాన్ని అడ్డుకుంటుంది. అందుకే చాలాసార్లు ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది పొగ గాలివాటున సాగి పలచబడిన చోట, ఒక్కోసారి వందల కిలోమీటర్ల అవతల. ఆకాశం తేటగా కనిపిస్తుంది, గొంతు మాత్రం మండుతుంది.

1997లో ఇదే జరిగింది. బలమైన ఎల్‌నినో వల్ల ఇండోనేషియాలో వానలు ముఖం చాటేశాయి. సుమత్రా, కాలిమంతాన్‌లలో మొక్కల అవశేషాలు పేరుకుపోయిన బురద నేలలు ఎండిపోయి, నెలల తరబడి లోలోపలే రగిలాయి. ఓజోన్ హిందూ మహాసముద్రం మీద కూడా పెరిగింది. తప్పంతా మంటలదే కాదు: మామూలుగా ఉరుముల మేఘాలు సముద్రం మీది, ఓజోన్ తక్కువగా ఉండే శుభ్రమైన గాలిని పైకి తోడతాయి. ఆ ఏడాది అక్కడ అలాంటి మేఘాలే తగ్గాయి.

ఈ ఓజోన్ పైకి చేరి ఓజోన్ పొరకు పడ్డ చిల్లును పూడుస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పొర ఉండేది సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున. కింద పుట్టిన ఓజోన్‌లో అత్యధిక భాగం అక్కడికి చేరకముందే విచ్ఛిన్నమవుతుంది, ఈలోగా ఊపిరితిత్తులనూ పైరు ఆకులనూ దెబ్బతీస్తుంది.