భర్తకు హెచ్‌ఐవీ ఉన్నా భార్యకు సోకలేదంటే ఆమె కణాలే అడ్డుకుంటున్నాయా?

మీ బావగారికి హెచ్‌ఐవీ ఉందని తేలి ఆరేళ్లయిందని, ఆయన క్రమం తప్పకుండా మాత్రలు వేసుకుంటున్నారని, మీ అక్కగారికి మాత్రం ప్రతి పరీక్షలోనూ నెగటివ్ వస్తోందని రాశారు. ఆమె రక్తకణాలకే వైరస్‌ను ఎదిరించే గుణం ఉందా అన్నది మీ ప్రశ్న. బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో కొన్నేళ్లు ఈ వైరస్‌తో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను: ఆ గుణం నిజమే, కానీ అది మీ బావగారి కణాల్లోనూ ఉంది.

ఈ సంగతి నాకు చదువు వల్ల కంటే ఒక పొరపాటు వల్ల బాగా ఒంటబట్టింది. చేరిన కొత్తలో దాత రక్తం నుంచి సీడీ4 కణాలను (హెచ్‌ఐవీ ప్రధానంగా సోకే తెల్ల రక్తకణాలివి) వేరుచేసి, వాటిని ముందుగా ఉత్తేజపరచాలన్న సంగతి మరిచిపోయి, నేరుగా వైరస్ కలిపేశాను. వారం పాటు ఆ కణాలను పెంచే ద్రవంలో పీ24 అనే వైరస్ ప్రోటీన్‌ను కొలిస్తే దాదాపు ఏమీ కనిపించలేదు. వైరస్ పాడైందనుకుని కొత్త సీసా తీయబోతుంటే, కన్నడిగురాలైన మా సీనియర్ నవ్వి, కణాలను నిద్ర లేపావా అని అడిగారు. దాచి ఉంచిన అదే దాత కణాలకు ఫైటోహీమాగ్లుటినిన్ (రాజ్మా గింజల నుంచి తీసే పదార్థమే), కణాలను పెరిగేలా చేసే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రోటీన్ కలిపి మూడు రోజులు ఉంచి, ఆ తర్వాత వైరస్ కలిపితే పీ24 రోజురోజుకూ పెరిగింది. అంటే మొదటిసారి వైరస్‌ను అడ్డుకున్నది నిద్రలో ఉన్న ఆ కణాలే.

హెచ్‌ఐవీ తన జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను కణంలోకి చేరాక డీఎన్‌ఏగా రాసుకోవాలి, అందుకు కావలసిన ముడిసరుకును కణం నుంచే తీసుకోవాలి. విభజన చెందకుండా ఊరకున్న కణంలో ఆ సరుకు ఎలాగూ తక్కువ. ఉన్న కాస్తనూ ఎస్‌ఏఎమ్‌హెచ్‌డీ1 అనే ప్రోటీన్ విరగ్గొట్టేస్తుంది. వంటవాడు వచ్చి పొయ్యి వెలిగించినా ఇంట్లో బియ్యపు గింజ లేనట్టన్నమాట. ఈ ప్రోటీన్ చేసే పని 2011లో బయటపడింది. ఈ వైరస్‌లో రెండో రకమైన హెచ్‌ఐవీ-2 దగ్గర దీన్ని నాశనం చేయించే వీపీఎక్స్ అనే ప్రోటీన్ ఉంది గానీ, మన దగ్గర ఎక్కువగా కనిపించే హెచ్‌ఐవీ-1కు అది లేదు.

ఇతర కాపలాదారులూ ఉన్నారు. 2002లో గుర్తించిన ఏపోబెక్3జీ వైరస్ కొత్తగా రాసుకునే డీఎన్‌ఏలో తప్పులు దొర్లిస్తుంది, టెథెరిన్ బయటికి పోబోయే వైరస్‌లను కణం పైపొరకే కట్టిపడేస్తుంది. అయితే మొదటిదాన్ని విఫ్, రెండోదాన్ని వీపీయూ అనే వైరస్ ప్రోటీన్లు వదిలించుకుంటాయి. అందుకే ఇన్ని కాపలాలున్నా జబ్బు వస్తోంది. రీసస్ కోతుల్లోని ట్రిమ్5 ఆల్ఫా హెచ్‌ఐవీ-1ను గట్టిగా ఆపుతుంది, మనుషుల్లోనిదానికి అంత బలం లేదు.

పుట్టుకతోనే దాదాపు సోకని మనుషులు కొందరు లేకపోలేదు. వైరస్ లోపలికి రావడానికి వాడుకునే సీసీఆర్5 జన్యువులో 32 అక్షరాలు లోపించిన ప్రతులు తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా వస్తే ఆ దారి మూసుకుపోతుందని 1996లో తేలింది. ఉత్తర ఐరోపాలో సుమారు నూటికి ఒకరు అలా ఉంటారు, భారతీయుల్లో అది అత్యంత అరుదు. కాబట్టి మీ అక్కగారి విషయంలో ఘనత బావగారి మాత్రలదే అయి ఉంటుందని నా అభిప్రాయం. మాత్రల వల్ల వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షలో దొరకనంత తక్కువగా నిలకడగా ఉన్నవారి నుంచి లైంగికంగా వైరస్ సోకదు.

ఇంకొక సంగతి బావగారికి చెప్పండి. నిద్రాణమైన కణంలోకి వైరస్ చొరబడటం కష్టమే గానీ, మెలకువగా ఉన్నప్పుడు వైరస్ సోకి, తర్వాత నిద్రలోకి జారుకున్న కణంలో అది ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. మాత్రలు ఆ దాగినదాన్ని తాకలేవు. అందువల్ల రిపోర్టు ఎంత బాగున్నా, మాత్రలు మానేస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది.