మాఫీ అనే మాట దగ్గర ఆగు

తమ్ముడూ,

వాతావరణ మార్పుతో దెబ్బతిన్న పేద దేశాల అప్పులు కొట్టేయాలన్న నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కోపం బాగానే ఉంది. కానీ మొదటి పేజీ నిండా ‘రుణమాఫీ’, ‘రుణమాఫీ’ అని రాశావు. మాఫీ అంటే క్షమించడం. తప్పు చేసినవాడొకడు, దయ తలిచేవాడొకడు ఉన్నట్టు ఆ మాటే చెప్పేస్తుంది. నీ వాదనేమో దానికి ఎదురు. గాల్లోకి పొగ వదిలి బాగుపడ్డ దేశాలే అసలు బాకీదార్లంటున్నావు. అలాంటప్పుడు ‘రద్దు’ అని రాయి.

లక్షల కోట్ల డాలర్లతో ఎత్తుకున్నావు. అన్ని సున్నాలు చూస్తే ఎవరైనా పేజీ తిప్పేస్తారు. ముందు ఆఫ్రికాలో, మొజాంబిక్‌లోని బెయిరాకి తీసుకెళ్లు. 2019 మార్చిలో ఇడాయ్ తుఫాను ఆ రేవు పట్టణాన్ని ముంచేసింది. చుట్టుపక్కల కోతకొచ్చిన మొక్కజొన్న నీళ్లపాలైంది. నెల తిరిగాక ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) 11.8 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అదీ అప్పే. వడ్డీ లేదు, నిజమే. అసలు మాత్రం కట్టాల్సిందే.

అదే దేశపు పాలకులు పార్లమెంటుకి కూడా చెప్పకుండా వంద కోట్ల డాలర్లకు పైగా అప్పు చేశారని 2016లో బయటపడింది. ట్యూనా చేపల పడవల పేరుతో మొదలైన బాగోతం అది. నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. ఇబ్బందిగా అనిపించిందా? ‘వాళ్లు తినేస్తే రద్దెందుకు?’ అనే పాఠకుడు నీ ఎదురుగానే కూర్చున్నాడనుకుని రాయి. జనానికి తెలియకుండా చేసిన అప్పు జనం నెత్తిన ఎందుకు పడాలి? ఇచ్చిన బ్యాంకులు ఏం చూసి ఇచ్చాయి? ఈ రెండూ అడిగితే అతనే కాసేపు ఆలోచిస్తాడు.

ఒక్కసారి రద్దు చేస్తే అంతా సర్దుకుంటుందని మాత్రం రాయకు. 2005లో మరో ఆఫ్రికా దేశం జాంబియా విదేశీ అప్పు చాలావరకు కొట్టేశారు. 2020 నవంబరుకల్లా బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. 2024లో కరువొచ్చి పైరు ఎండిపోతున్నా అప్పులవాళ్లతో బేరాలు తెగలేదు. ఈ జాప్యం మీదే ఇంకో పేజీ రాయొచ్చు నువ్వు. ఐక్యరాజ్యసమితి పేరా తీసేసినా నష్టం లేదు, అందరూ రాసేదే.

చివర్లో కరీబియన్ దీవి గ్రెనడా గురించి రాశావు, అది నచ్చింది. తుఫానొస్తే కిస్తీలు ఆపుకోవచ్చని బాండ్లలో ముందే షరతు పెట్టుకుని, 2024లో బెరిల్ తుఫాను తర్వాత దాన్ని వాడుకున్న దేశం. అయితే దాన్ని ‘విముక్తి’ అన్నావు. కిస్తీ వాయిదా పడిందంతే, ఎగిరిపోలేదు. ఆ పేరా తిరగరాసి పంపు.

మీ అన్నయ్య